డిగ్రీ కాలేజీలో ఏ పని ఎవరిది, ఏ రూపాయి ఎక్కడిది: విశాఖలో కనుక్కునే పద్ధతి

లెక్చరర్ లేకపోయినా, ల్యాబ్‌కు తాళం పడినా, పైకప్పు కారినా డిగ్రీ కాలేజీలో తిట్లు తినేది ప్రిన్సిపాలే. నిజానికి ఈ మూడు పనులూ మూడు వేర్వేరు ఆఫీసులవి, వాటి డబ్బు మూడు వేర్వేరు పద్దులది. ఒక పద్దు కింద వచ్చిన రూపాయిని ఇంకో పద్దుకు మళ్లించే అధికారం ప్రిన్సిపాల్‌కు లేదు. బ్యాంకు ఖాతాలో లక్షలున్నా గెస్ట్ ఫ్యాకల్టీకి జీతం అందకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి అడగబోయే పని ఎవరిదో, దాని డబ్బు ఏ దారిన వస్తుందో ముందు తెలుసుకోవాలి. తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు, విద్యార్థి సంఘాలకు ఆ దారి చూపించడానికే ఇది.

కాలేజీ ఏ రకం?

మొదటి పని ఇది. ఇక్కడ పొరబడితే తర్వాత రాసే ప్రతి కాగితం తప్పు బల్ల మీదకు పోతుంది.

మద్దిలపాలెంలోని డాక్టర్ వి.ఎస్.కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కళాశాల లాంటివి నేరుగా ప్రభుత్వానివి. స్థలం, భవనం, పోస్టులు అన్నీ సర్కారువే. 1860లో మొదలైన మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ లాంటి పాత సంస్థలు యాజమాన్యాలు పెట్టినవి. మంజూరైన పోస్టుల జీతాలకు ప్రభుత్వం గ్రాంటు ఇచ్చే ఎయిడెడ్ పద్ధతిలో అవి దశాబ్దాల పాటు నడిచాయి. మూడో రకం ప్రైవేటు అన్‌ఎయిడెడ్ కాలేజీలు. వీటిని సొసైటీ లేదా ట్రస్టు నడుపుతుంది, రాబడి అంతా ఫీజుల మీదే. నాలుగోది ఆంధ్ర విశ్వవిద్యాలయం సొంత క్యాంపస్ కాలేజీలు. వీటి డబ్బు యూనివర్సిటీకి వచ్చే గ్రాంటులోనే కలిసి ఉంటుంది కాబట్టి కళాశాల విద్యాశాఖ లెక్కల్లో వెతికితే దొరకదు.

ఎయిడెడ్ కాలేజీల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఈ యాజమాన్యాల ముందు షరతులు పెట్టింది. ఆస్తులతో సహా కాలేజీని అప్పగించవచ్చు, లేదా ఎయిడెడ్ సిబ్బందిని మాత్రం ప్రభుత్వానికి ఇచ్చేసి ప్రైవేటుగా నడుపుకోవచ్చు. విశాఖలో విద్యార్థులు రోడ్డెక్కారు, రాష్ట్రమంతా గొడవైంది. ఆ ఏడాది నవంబరులో, ఎయిడ్‌లోనే కొనసాగే వీలు కూడా ఉందని ప్రభుత్వం స్పష్టం చేసింది. ఏ యాజమాన్యం ఏ దారి ఎంచుకుందన్నది కాలేజీకో తీరు. అందువల్ల ‘ఆ కాలేజీ ఎయిడెడే కదా’ అన్న పాత మాటను నమ్ముకోవద్దు. ఇప్పుడు మంజూరై ఉన్న ఎయిడెడ్ పోస్టులు ఎన్ని, అందులో పనిచేస్తున్నవారు ఎందరు అని అడగండి. ఆ సంఖ్య సున్నా అయితే బోర్డు మీద ఏం రాసి ఉన్నా అది ఎయిడెడ్ కాలేజీ కాదు.

ఒకే ప్రాంగణంలో ఎయిడెడ్ సెక్షన్, పక్కనే పూర్తిగా ఫీజుల మీదే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ సెక్షన్ నడవడం మామూలే. బి.ఎ.కి ఒక ఫీజు, బి.ఎస్సీ. కంప్యూటర్స్‌కు దానికి అనేక రెట్ల ఫీజు ఎందుకని చాలామందికి అనుమానం వస్తుంది. మీ పిల్లవాడి గ్రూపు ఏ సెక్షన్ కిందకు వస్తుందో అడ్మిషన్ రోజునే రాతపూర్వకంగా తీసుకోండి.

పెత్తనం ఎవరిది?

ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి పైన ఒక్క యజమాని ఉండడు. పోస్టులు, బదిలీలు, జీతాలు, క్రమశిక్షణ కళాశాల విద్య కమిషనర్ చేతిలో ఉంటాయి. ఆయనకు, కాలేజీకి మధ్య ప్రాంతీయ సంయుక్త సంచాలకుల ఆఫీసు ఉంటుంది. అందరూ ఆర్‌జేడీ ఆఫీసు అంటారు. విశాఖ కాలేజీలకు అది రాజమహేంద్రవరంలో ఉంది. సిలబస్, పరీక్షలు, డిగ్రీ పట్టా యూనివర్సిటీవి. అడ్మిషన్లు, రాష్ట్రమంతటికీ ఒకే కోర్సు చట్రం, నాలుగేళ్ల ఆనర్స్, ఇంటర్న్‌షిప్ లాంటివి ఉన్నత విద్యామండలి చూస్తుంది. 1988 నాటి చట్టంతో ఏర్పడిన ఈ మండలి 2020-21 నుంచి డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లోనే భర్తీ చేస్తోంది. 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టుతో డిగ్రీ, తెచ్చిందీ ఇదే. కొత్త గ్రూపు కావాలని మండలికి వినతిపత్రాలు ఇస్తుంటారు. మండలి కోర్సుకు ఒప్పుకోవచ్చు గానీ ఆ కోర్సు చెప్పే లెక్చరర్ పోస్టు దాని దగ్గర ఉండదు. పోస్టు మంజూరు కావాలంటే ఆర్థికశాఖ సమ్మతి, దాని మీద జీవో రావాలి. రెగ్యులర్ నియామకమైతే ఏపీపీఎస్సీ దాకా పోవాలి.

అటానమస్ హోదా చుట్టూ ఒక పెద్ద అపోహ ఉంది. అటానమస్ అంటే కాలేజీ తన డబ్బు తన ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చని కాదు. ఆ స్వేచ్ఛ సిలబస్‌కు, పరీక్షలకు, మూల్యాంకనానికి. పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది, ప్రభుత్వ కాలేజీ అయితే జీతాలు ఖజానా నుంచే వస్తాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023 నిబంధనల ప్రకారం ఈ హోదా మొదటిసారి పదేళ్లకు ఇస్తారు. ఇలాంటి కాలేజీలో నాలుగు సంఘాలు తప్పనిసరి: గవర్నింగ్ బాడీ, అకడమిక్ కౌన్సిల్, ఒక్కో సబ్జెక్టుకు బోర్డ్ ఆఫ్ స్టడీస్, ఫైనాన్స్ కమిటీ.

బయటివాళ్లకు వీటిలో అన్నింటికన్నా పనికొచ్చేది ఫైనాన్స్ కమిటీ. విచిత్రంగా, ఎవరూ పట్టించుకోనిదీ అదే. దానికి ప్రిన్సిపాల్ అధ్యక్షులు. గవర్నింగ్ బాడీ నియమించిన ఒకరు, యూనివర్సిటీ ఫైనాన్స్ ఆఫీసర్, ఒక సీనియర్ అధ్యాపకుడు సభ్యులు. ఏడాదికి కనీసం రెండుసార్లు కూర్చోవాలి. అటానమస్ కాలేజీ పరీక్ష ఫీజు తానే వసూలు చేసుకుంటుంది కాబట్టి ఆ డబ్బు ఎలా ఖర్చయిందన్నది ఈ కమిటీ మినిట్స్‌లో కనపడాలి. మినిట్స్‌లో ‘బడ్జెట్ ఆమోదించడమైనది’ అన్న ఒక్క వాక్యమే ఉండి అంకెల పట్టిక జత లేకపోతే, ఆ సమావేశం కాగితం మీదే జరిగిందని అనుమానించవచ్చు.

అటానమస్ కాని ప్రభుత్వ కాలేజీల్లో ఈ పాత్ర కొంతవరకు సీపీడీసీది, అంటే కాలేజీ ప్రణాళిక, అభివృద్ధి మండలిది. పూర్వ విద్యార్థులు, దాతలు, తల్లిదండ్రులు లోపలికి రాగల తలుపు ఇదొక్కటే. సభ్యుల జాబితా, చివరి సమావేశం తేదీ అడిగితే చాలు, ఆ మండలి బతికుందో లేదో తెలిసిపోతుంది.

డబ్బు వచ్చే దారులు

*జీతాలు.* రాష్ట్ర బడ్జెట్‌లో సాధారణ విద్య పద్దు 2202. దాని కింద 03 అంటే విశ్వవిద్యాలయ, ఉన్నత విద్య. ఆ తర్వాతి మూడంకెల్లో 102 యూనివర్సిటీలకు సాయం, 103 ప్రభుత్వ కాలేజీలు, 104 ప్రభుత్వేతర కాలేజీలకు సాయం. అంటే మీ కాలేజీ ప్రభుత్వానిదైతే 2202-03-103 దగ్గర, ఎయిడెడ్ అయితే 2202-03-104 దగ్గర చూడాలి. కొత్త భవనాల లాంటి పెట్టుబడి ఖర్చు 4202 కింద వేరుగా ఉంటుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పోయినేడాది బడ్జెట్ అంచనాను ఈ ఏడాది అంచనాతో పోల్చి ‘నిధులు పెరిగాయి’ అనో ‘తగ్గాయి’ అనో పోస్టు పెట్టేస్తారు. బడ్జెట్ పుస్తకంలో నాలుగు నిలువు వరుసలుంటాయి: రెండేళ్ల కిందటి వాస్తవ లెక్క, నడుస్తున్న ఏడాది అంచనా, దాని సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. నమ్మదగింది మొదటి వరుస. అంచనాకు, వాస్తవానికి మధ్య ఎంత తేడా వచ్చిందో రెండు మూడు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే అసలు కథ బయటపడుతుంది. ఇంకో సంగతి, ఈ పుస్తకంలో మీ కాలేజీ పేరు కనపడదు. అక్కడున్నది రాష్ట్రం మొత్తానికి కలిపిన అంకె. కాలేజీవారీ లెక్క ప్రిన్సిపాల్ దగ్గరే దొరుకుతుంది, ఎందుకంటే బిల్లులు పెట్టి డబ్బు డ్రా చేసే అధికారి, అంటే డీడీవో, ఆయనే.

*ఆఫీసు ఖర్చులు.* కరెంటు, నీళ్లు, స్టేషనరీ, టెలిఫోను. ఈ బిల్లులు ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లోకి ఎక్కి ఖజానాకు పోతాయి. నిధులు విడుదలైతేనే డబ్బు చేతికొస్తుంది. బడ్జెట్‌లో ఉండటం వేరు, విడుదల కావడం వేరు. మార్చి 31 లోపు పాస్ కాని బిల్లుకు ఆ ఏటి కేటాయింపు మురిగిపోతుంది, కొత్త ఏడాదిలో మళ్లీ మొదటి నుంచి తిరగాలి. ఏప్రిల్, మే నెలల్లో విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ బకాయిల నోటీసు గురించి విన్నారంటే సాధారణంగా దాని వెనకున్నది ఇదే.

*ఫీజులు.* ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఫీజు ఖజానాకు జమ కావాలి. ఆటలు, లైబ్రరీ, ల్యాబ్, మ్యాగజైన్ వగైరా పేర్లతో తీసుకునే స్పెషల్ ఫీజు కాలేజీ ఖాతాలోనే ఉంటుంది. ఏ పేరుతో తీసుకున్నారో ఆ పనికే వాడాలి. ల్యాబ్‌లో యాసిడ్ సీసాలు, గాజు సామాను లేవంటే ముందు చూడాల్సింది ఈ ఖాతానే, కమిషనర్ దాకా పోనక్కర్లేదు.

*ఫీజు రీయింబర్స్‌మెంట్.* ఇది కళాశాల విద్యాశాఖ డబ్బు కాదు, సంక్షేమ శాఖలది. దరఖాస్తు, హాజరు, మంజూరు అన్నీ జ్ఞానభూమి పోర్టల్‌లో నడుస్తాయి. 75 శాతం హాజరు ఉండాలి. 2021 నుంచి ఈ సొమ్ము తల్లుల ఖాతాల్లో పడేది. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీలకే చెల్లించాలని నిర్ణయించారు. ప్రైవేటు కాలేజీల ఊపిరి చాలావరకు దీని మీదే ఆడుతుంది. బకాయి పడిన ఏడాది సర్టిఫికెట్లు ఆపడం, హాల్ టికెట్ ఇవ్వకపోవడం మొదలవుతాయి. అలాంటప్పుడు కాలేజీ గేటు ముందు ధర్నాతో పాటు సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసుకు, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు కూడా రాతపూర్వకంగా పోవాలి. డబ్బు ఆగింది అక్కడ.

*కేంద్ర నిధులు.* యూజీసీ గ్రాంటు రావాలంటే కాలేజీ యూజీసీ చట్టంలోని 2(ఎఫ్), 12(బి) సెక్షన్ల జాబితాలో ఉండాలి. 2013లో ఉన్నత విద్యకు కేంద్రం పెట్టిన రూసా పథకం వచ్చాక పెద్ద మొత్తాలు రాష్ట్రం ద్వారానే వస్తున్నాయి. 2023లో దాని పేరు పీఎం ఉష అయింది. మన రాష్ట్రానికి కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. సగం కట్టి ఆగిన భవనాలకు మూలం తరచుగా ఈ నలభైలో ఉంటుంది. రాష్ట్రం వాటా ఆలస్యమైనా, మొదటి విడత ఖర్చు లెక్క పంపకపోయినా రెండో విడత రాదు. ఈ డబ్బుతో పరికరాలు, మరమ్మతులు, భవనాలు వస్తాయి. రెగ్యులర్ జీతాలు రావు.

యూజీసీ 2013-14లో మొదలుపెట్టిన కమ్యూనిటీ కాలేజీ పథకం కూడా ఇలాంటిదే. అమెరికాలోలాగా అది వేరే సంస్థ కాదు. ఉన్న కాలేజీలోనే స్థానిక పరిశ్రమకు పనికొచ్చే సర్టిఫికెట్, డిప్లొమా కోర్సు నడపడానికి ఇచ్చే గడువున్న గ్రాంటు. గడువు తీరాక నడిపే డబ్బు ఎక్కడిదో చెప్పలేని కోర్సులో చేరేముందు ఆలోచించుకోండి.

*దాతలు, కంపెనీలు.* విశాఖకున్న సౌకర్యం ఇది. ఇక్కడ పోర్టు, స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, ఇంకా అనేక పెద్ద కంపెనీలు ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందకు వచ్చే సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, విద్య ఆ జాబితాలో ఉంది. అయితే ‘మా కాలేజీకి సాయం చేయండి’ అన్న ఒక పేజీ లేఖకు ఎవరూ కదలరు. ఎన్ని కంప్యూటర్లు, ఏ గదిలో, కరెంటు లోడు సరిపోతుందా, మూడేళ్ల తర్వాత మరమ్మతు ఎవరిది, ఎంతమంది విద్యార్థులు వాడతారు అన్నవి రాసి, ప్రిన్సిపాల్ సంతకంతో, కొటేషన్లు జతచేసి ఇవ్వాలి. లాభమే లేని ఏడాది ఆ కంపెనీ చుట్టూ తిరగడం దండగ. ఇచ్చింది వస్తువైతే వెంటనే స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. ఎక్కించని కంప్యూటర్ పోయినా, ఎవరింటికి వెళ్లినా అడిగే హక్కు ఎవరికీ మిగలదు.

పైకప్పు కారితే

భవనాల విషయం విడిగా చెప్పాలి. సముద్రపు ఉప్పుగాలికి విశాఖలో స్లాబు కమ్మీలు తుప్పుపట్టి పెచ్చులూడటం మామూలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టిన దెబ్బ దానికి తోడు. స్పెషల్ ఫీజుతో స్లాబు బాగుచేయడానికి వీల్లేదు. నిర్మాణ పనులు చేసేది రోడ్లు, భవనాల శాఖ లేదా విద్యా సంక్షేమ మౌలిక వసతుల సంస్థ. ముందు ఇంజినీరు వచ్చి అంచనా వేయాలి, దానికి పాలనా అనుమతి రావాలి, తర్వాత సాంకేతిక అనుమతి, ఆపైన టెండరు. ఈ నాలుగింటిలో ఫైలు ఎక్కడ ఆగిందో అడగడమే మీ పని. మామూలుగా ఆగేది మొదటి మెట్టు మీదే: ప్రిన్సిపాల్ లేఖ రాసి ఉంటారు, ఇంజినీరు అంచనా రాదు. వానాకాలంలో తీసిన ఫొటోలు, తేదీతో సహా, వినతిపత్రానికి జతచేయండి. వేసవిలో తనిఖీకి వచ్చిన మనిషికి పొడి గోడే కనపడుతుంది.

సమాచార హక్కు దరఖాస్తు

నోటిమాటగా అడిగితే దొరకనిది దరఖాస్తుతో దొరుకుతుంది, సరిగ్గా రాస్తేనే. సంఘం పేరున కాకుండా వ్యక్తి పేరున రాయండి, సమాచారం అడిగే హక్కు పౌరుడిది. ‘ప్రజా సమాచార అధికారి, ప్రిన్సిపాల్ వారి కార్యాలయం’ అని రాస్తే చాలు, అధికారి పేరు తెలియనక్కర్లేదు. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. ‘ఎందుకు ఖర్చు చేయలేదు?’ అని అడిగితే ‘కారణాలు సమాచారం కిందకు రావు’ అని తిప్పి పంపుతారు. కాగితం పేరు చెప్పి కాగితాన్నే అడగాలి. నమూనా ఇది:

“గత ఆర్థిక సంవత్సరానికి సంబంధించి ఈ కింది పత్రాల నకళ్లు ఇవ్వగలరు. 1. సబ్జెక్టువారీ మంజూరైన పోస్టులు, పనిచేస్తున్న, ఖాళీ, గెస్ట్ పోస్టుల పట్టిక. 2. స్పెషల్ ఫీజు ఖాతా వార్షిక జమాఖర్చుల పట్టిక. 3. ఫైనాన్స్ కమిటీ సమావేశాల మినిట్స్, అనుబంధాలతో. 4. కేంద్ర గ్రాంటుల వినియోగ ధ్రువపత్రాలు. 5. చివరి ఆడిట్ నివేదిక, అభ్యంతరాలకు కాలేజీ ఇచ్చిన జవాబులు.”

ఒక్క ఏడాదికే అడగండి. పదేళ్ల లెక్క అడిగితే వేల పేజీల ఖర్చు మీ మీద పడుతుంది, లేదా సిబ్బంది సమయం వృథా అవుతుందని పక్కన పెడతారు. పేజీలు ఎక్కువైతే రికార్డు తనిఖీకి అనుమతి కోరండి, మొదటి గంటకు రుసుము లేదు. జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు వేరే ఆఫీసుకు చెందినదైతే 5 రోజుల్లో వాళ్లే అక్కడికి పంపాలి. జవాబు రాకపోయినా, అసంపూర్తిగా ఉన్నా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. అదీ తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు. ప్రభుత్వ సొమ్ముతో గణనీయంగా నడిచే కాలేజీలు ఈ చట్టం కిందకు వస్తాయని డీఏవీ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఎయిడెడ్ యాజమాన్యం ‘మాది ప్రైవేటు’ అంటే ఆ తీర్పు చూపించండి. పూర్తి ప్రైవేటు కాలేజీ అయితే దాని గురించి యూనివర్సిటీ దగ్గర, కమిషనరేట్ దగ్గర ఉన్న కాగితాలను అక్కడే అడగాలి.

వచ్చిన కాగితాలు చదవడం

ముందు ఒక చిన్న గుణింపు. కాలేజీలో 1,200 మంది ఉండి, స్పెషల్ ఫీజు తలకు 500 అనుకుంటే జమ 6 లక్షలు ఉండాలి. పట్టికలో 3 లక్షలే కనపడితే వెంటనే ‘తినేశారు’ అని కేకలు పెట్టకండి. రీయింబర్స్‌మెంట్ కిందున్న విద్యార్థుల వాటా ఏడాది ఆలస్యంగా పడి ఉండవచ్చు. ఆ జాబితా సంఖ్యను తీసేసి, మిగిలినవాళ్ల లెక్క సరిపోతుందేమో చూడండి. అప్పటికీ తేడా ఉంటే అది ప్రశ్న.

వినియోగ ధ్రువపత్రంలో ప్రారంభ నిల్వ, వడ్డీ, వచ్చిన గ్రాంటు, ఖర్చు, ముగింపు నిల్వ ఉంటాయి. నిరుటి ముగింపు నిల్వే ఈ ఏటి ప్రారంభ నిల్వ కావాలి. వడ్డీ గడిలో సున్నా ఉందంటే అనుమానించాల్సిందే, సేవింగ్స్ ఖాతాలో నెలల తరబడి ఉన్న డబ్బుకు వడ్డీ రాకుండా ఉండదు. పరికరాలు కొన్నామని రాసిన చోట స్టాకు రిజిస్టరు పేజీ నంబరు అడగండి. ఆడిట్ నివేదికలో అభ్యంతరం ఉండటం వింత కాదు, అదే అభ్యంతరం మూడేళ్లుగా జవాబు లేకుండా పడి ఉండటమే తీవ్రమైన సంగతి.

ఎప్పుడు అడగాలి

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది గానీ వచ్చే ఏడాది ప్రతిపాదనలు శరదృతువులోనే కింది నుంచి పైకి కదులుతాయి. ఫిబ్రవరిలో వినతిపత్రం ఇస్తే అప్పటికి పుస్తకం అచ్చుకు పోతుంటుంది. పోస్టులు, భవనాలు అడిగేవాళ్లు దసరా సెలవుల్లోపు ప్రిన్సిపాల్ ద్వారా ఆర్‌జేడీకి, నకలు కమిషనర్‌కు పంపాలి. ప్రిన్సిపాల్ లేఖ లేకుండా పైకి పోయిన వినతి ‘ప్రిన్సిపాల్ అభిప్రాయం కోసం’ అంటూ తిరిగి ఆయన బల్ల మీదకే వస్తుంది, రెండు నెలలు పోతాయి.

అన్ని దారులూ మూసుకుపోతే ప్రజాప్రతినిధులున్నారు. ఎమ్మెల్యేతో పాటు మన ప్రాంతానికి పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల ఎమ్మెల్సీలు ఉన్నారు, డిగ్రీ కాలేజీలు నేరుగా వారి ఓటర్లకు సంబంధించిన విషయం. వాళ్ల దగ్గరికి గోడుతో కాకుండా ప్రశ్నతో వెళ్లండి: కాలేజీ పేరు, మంజూరైన పోస్టులు, ఖాళీలు, ఎప్పటి నుంచి, ఫైలు నంబరు, ఆగిన ఆఫీసు. అరపేజీలో ఇవన్నీ ఉంటే శాసనమండలిలో లిఖితపూర్వక ప్రశ్నగా అలాగే వేయవచ్చు. జవాబు సిద్ధం చేయమని సచివాలయం నుంచి కమిషనర్‌కు, అక్కడి నుంచి కాలేజీకి కాగితం దిగుతుంది. ఫైలును మళ్లీ తెరవక తప్పదు.